నూటికి రెండూ, పూచీ

గిర్‌ధారీ సేఠ్ కొట్టు మెట్ల దగ్గర సంధ్య చెప్పులు విప్పి, మళ్ళీ తొడుక్కుంది. ఏమని మొదలుపెట్టాలో ఇంటి దగ్గర పదిసార్లు అనుకుంది. పండరీ బట్టల బజారు చేరేసరికి ఒక్క మాటా మిగల్లేదు.

శనివారంలోగా కూతురు జెస్సీ నర్సింగ్ కాలేజీకి నలభై వేలు కట్టాలి. ఈరోజు గురువారం. భర్త పాల్ పోయి ఏడు నెలలైంది. ఆయన ఉన్నన్నాళ్ళూ ప్రతి నెలా మొదటి వారంలో ఈ కొట్టు నుంచి దలాలీ వచ్చేది. ఆయన పోయిన నెల నుంచే అది ఆగిపోయింది. అడగడానికి ఇన్నాళ్ళూ నోరు రాలేదు.

పాల్ది బేరగాళ్ళను తెచ్చే పని. పార్వతీపురం, బొబ్బిలి, సాలూరు బట్టల కొట్లవాళ్ళను రైలెక్కించి రాయ్‌పూర్ తెచ్చి టోకు సరుకు ఇప్పించేవాడు. పన్నెండేళ్ళ కిందట పార్వతీపురం సూరిబాబును తెచ్చిన రోజు సేఠ్ చాయ్ తాగుతూ, "ఈయన కొన్నదాంట్లో నూటికి రెండు నీది, పాల్ భాయ్" అన్నాడు. ఎన్నాళ్ళని సేఠ్ చెప్పలేదు. పాల్ అడగలేదు. కాగితం లేదు. పాల్ బతికున్నంతకాలం ఆ ప్రశ్నతో ఎవరికీ పని పడలేదు.

సంధ్య మళ్ళీ చెప్పులు విప్పి లోపలికి వెళ్ళింది.

"రండి బహెన్‌జీ, కూర్చోండి." సేఠ్ తెల్లటి పరుపు మీద కొంచెం జరిగాడు. "పాల్ భాయ్ పోయాక ఈ కొట్లో తెలుగు మాట వినపడ్డం మానేసింది."

సంధ్య పరుపు అంచున కూర్చుంది. "సూరిబాబు గారు సరుకు కొంటూనే ఉన్నారు కదా సేఠ్‌జీ?"

"ఎందుకు కొనడు? ఫోన్ చేస్తాడు. టాటీబంధ్ లారీ స్టాండులో వేయిస్తాను. మూడో రోజు అతని గుమ్మంలో ఉంటుంది."

"మరి ఆ రెండు శాతం..."

సేఠ్ కళ్ళద్దాలు తీశాడు. "చూడండి బహెన్‌జీ, దలాలీ అనేది తెచ్చినవాడికి. ఇప్పుడెవరు తెస్తున్నారు? పెళ్ళి కుదిర్చినవాడికి ఒకసారి బట్టలు పెడతాం. ఆ జంటకి బిడ్డ పుట్టినప్పుడల్లా పెడతామా?"

బట్టల తానులు మడతపెడుతున్న ఇద్దరు గుమాస్తాలు నవ్వారు. సంధ్య పమిట కొంగు వేలికి చుట్టుకుంది.

"అయినా పాల్ భాయ్ నాకు పరాయివాడా?" సేఠ్ గొంతు తగ్గించాడు. "బిడ్డ చదువుకని పదివేలు ఇస్తాను. లెక్క కాదు, నా సంతోషం."

పదివేలు. చర్చిలో ఎవరినైనా అడిగితే ఇంకో పది. మిగతా ఇరవై ఎక్కడ? సేఠ్ గల్లాపెట్టె తెరిచాడు. ఆమె చెయ్యి తనకు తెలియకుండానే కొంచెం ముందుకు వెళ్ళింది. వెళ్ళిన చెయ్యి మెడ దగ్గరికి వచ్చి ఆగింది. అక్కడిప్పుడు దారంలా సన్నటి రోల్డుగోల్డు గొలుసు ఉంది.

"సేఠ్‌జీ, హుద్‌హుద్ తుపాను ఏడాది గుర్తుందా?"

"ఏం?"

"సూరిబాబు గారి కొట్లోకి నీళ్ళొచ్చి సరుకంతా తడిసిపోయింది. మీకు అరవై వేలు బాకీ పడ్డారు. ఆ డబ్బు పాల్ కట్టారు. నా రెండు తులాల గొలుసు అమ్మి కట్టారు. ఆ రోజు స్కూటర్ మీద నేనూ వచ్చాను. మీరు నాకు బాదం షర్బత్ తెప్పించారు. 'మీ ఆయన మాట మనిషి' అన్నారు."

గుమాస్తాల చేతులు ఆగిపోయాయి.

"తేవడంతో ఆయన పని అయిపోతే, తెచ్చిన కొన్నేళ్ళకి ఆ అరవై వేలు ఆయన దగ్గర ఎందుకు తీసుకున్నారు?" ఆమె ఆపలేదు. "మీరు చెప్పిందే నిజమైతే నా గొలుసు ఉత్తిపుణ్యానికి పోయినట్టు. ఆయన అంత తెలివితక్కువవాడు కాదు."

సేఠ్ గల్లాపెట్టె మూత వేశాడు.

"మీరన్నది నిజమే. పార్టీ కొన్నంతకాలం దలాలీ, పార్టీ కొన్నంతకాలం పూచీ. మా మధ్య అలాగే నడిచింది." పెద్ద గుమాస్తాను అడిగి అంకె చెప్పాడు. "ఏడు నెలలకి నలభై ఒక్క వేలు. మీదే. కానీ రెండో సగం కూడా వినండి. సూరిబాబు దసరా నుంచి పూర్తిగా కట్టట్లేదు, బాకీ పేరుకుపోతోంది. రెండు లక్షల డెబ్బై వేలు. అడిగితే 'వచ్చే వారం' అంటాడు. పాల్ భాయ్ ఉంటే ఆయన్ని పట్టుకునేవాణ్ణి. ఈ డబ్బు తీసుకుంటే మిమ్మల్ని పట్టుకుంటాను. పదివేలు తీసుకుంటే మీకే గొడవా లేదు."

సంధ్య లెక్క వేసుకుంది. రెండు లక్షల డెబ్బై వేలు. ఇంట్లో అమ్మడానికి ఏముంది? స్కూటర్, కుట్టుమిషను. నాలుగు నెలలుగా బాకీ తీర్చనివాడు రేపు తీరుస్తాడని ఏం నమ్మకం? పాల్ ఎప్పుడూ ఫోన్ మాట నమ్మేవాడు కాదు. రెండు నెలలకోసారి వెళ్ళి సూరిబాబు కొట్లో అలమారలు చూసి వచ్చేవాడు. 'ఫోన్లో అందరి కొట్టూ కళకళలాడుతుంది సంధ్యా' అనేవాడు. ఏడు నెలలుగా ఆ అలమారలు ఎవరూ చూడలేదు.

"ఇప్పటిదాకా వెళ్ళిన సరుకు పూచీ నాది," అంది. "ఇకముందు మాత్రం నేను చూసి సరే అంటేనే అప్పు ఇవ్వాలి. నన్ను అడక్కుండా ఇస్తే అది మీది. ఈ రెండు ముక్కలూ కాగితం మీద రాయండి."

"మన మధ్య కాగితమా?"

"ఆయనకి మాట చాలింది సేఠ్‌జీ. నాకు చాలట్లేదు."

సేఠ్ బిల్లు పుస్తకంలోంచి ఒక కాగితం చింపాడు. రాశాక ఆమె రెండుసార్లు చదివి సంతకం చేసింది.

కాలేజీలో డబ్బు కట్టి, రసీదు జెస్సీ చేతికిచ్చి, సంధ్య రైల్వే స్టేషనుకు వెళ్ళింది. టికెట్ల వరుసలో ముందు ఆరుగురు ఉన్నారు. సూరిబాబుకు ఫోన్ చేసింది. మూడోసారికి ఎత్తాడు.

"వదినా! బావున్నారా? పాప బావుందా? మొన్ననే మీ గురించే అనుకున్నాం ఇంట్లో! కొట్లోనే ఉన్నా, చెప్పండి."

"బావున్నాం అన్నయ్యా. రేపు పొద్దున్నకి పార్వతీపురంలో దిగుతున్నాను."

"రేపా?" అతని గొంతులో నవ్వు పోయింది. "ఎందుకమ్మా, అంత దూరం? పనేదైనా ఉంటే ఫోన్లో చెబితే సరిపోద్ది కదా."

"కొట్టు చూద్దామని."

పెళ్ళిళ్ళ రోజులు. పార్వతీపురం మెయిన్ రోడ్డు మీద బట్టల కొట్టు. వెనక ఒక బేరం మాట గానీ, చీర దులిపిన చప్పుడు గానీ వినపడుతుందేమోనని సంధ్య ఫోన్ చెవికి గట్టిగా అదుముకుంది. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు మాత్రం వినపడింది.

వరుస కదిలింది. ఆమె ఒక అడుగు ముందుకు వేసింది.