మిల్లు మోత కచేరీ

చెవుడొచ్చిందని పిన్నిని పనిలోంచి తీసేసినప్పుడు నేను పక్కనే ఉన్నాను. "చెవుడు నీ ఇంటినుంచి తెచ్చుకుని మా మీద రుద్దుతావేం?" అన్నాడు మేనేజరు. ఆ మాట కూడా ఆమెకు వినబడలేదు. నేనే చేతులతో చెప్పాను. నూలు మిల్లు మోతలో నోటిమాట పనికిరాదు. అక్కడి ఆడవాళ్లమంతా చేతులతోనే మాట్లాడుకుంటాం.

ఆ వారమే యజమాని కొడుకు స్నేహితుడెవరో మా యంత్రాల చప్పుళ్లు పట్టుకుపోయి, కంప్యూటర్లో కలిపి సంగీతం చేశాడట. షిఫ్టు మారే వేళ మిషన్లు ఆపి, దిగినవాళ్లనూ ఎక్కబోయేవాళ్లనూ అది వినడానికి హాల్లో కూర్చోబెట్టారు. పని పోయినా పిన్ని కూడా గుంపులో కలిసి వచ్చి మా మధ్య కూర్చుంది.

గుమ్మం దగ్గర మేనేజరు, యజమాని పిలిచిన అతిథులకు చెవుల్లో పెట్టుకునే మెత్తటి బిరడాలు పంచుతున్నాడు. "మోత ఎక్కువండీ, చెవులు పాడవుతాయి."

"మరి మాకో, అయ్యా?" అడిగింది మేం దారాలక్క అని పిలిచే ఆమె.

"మీకు అలవాటేగా!"

తెరలు మూసి సంగీతం పెట్టారు. కదుళ్ల ఈల, బెల్టుల చరుపు, అడుగున ఏదో మూలుగు. బాగోలేదని అనను. ఒకచోట మా షెడ్డే ఊపిరి తీసినట్టు అనిపించింది. కానీ మాలో సగంమంది అప్పటికే కునుకుతున్నారు.

పిన్ని నన్ను మోచేత్తో పొడిచింది. "ఆ అతిథుల చెవుల్లో ఏమిటవి?" అని చేతులతో అడిగింది. చెప్పాను. ఆమె చాలాసేపు వాళ్లనే చూసింది. తర్వాత అందరికీ కనబడేలా చేతులెత్తింది.

"ఈ మోతకు చెవులు పోతాయని వాళ్లకు తెలుసన్నమాట."

కునికేవాళ్లను పక్కవాళ్లు తట్టి లేపారు. వరస వెంట వరస చేతులు లేచి మాట్లాడాయి.

"పిన్నిని మళ్లీ పనిలోకి తీసుకునేదాకా మిషను ముట్టొద్దు."

"నాకు పిల్లలున్నారే తల్లీ!"

"మాకేమైనా పిల్లులున్నాయా?"

"నడుం విరిగిపోతోంది. రేపు చూద్దాం."

"రేపూ ఇలాగే విరుగుతుంది."

మేం సంగీతానికి మురిసి చేతులూపుతున్నామనుకుని అతిథులు ఫొటోలు తీసుకున్నారు.

సంగీతం ఆగింది. చప్పట్లయ్యాయి. సైరన్ మోగింది.

"లేవండర్రా, పనికి!" అన్నాడు మేనేజరు. ఎవరూ లేవలేదు. "చెవుల్లో సీసం పోసుకున్నారా? మీ పిన్నితో పాటు అందర్నీ పంపించేస్తా!"

"పంపించండి," అంది దారాలక్క, ఈసారి నోటితో. "ఆమె వస్తేనే మేమూ వస్తాం. ఆ బిరడాలు మాకూ కావాలి."

అతను విసురుగా వెళ్లి లైట్లు ఆర్పేశాడు. చీకట్లో చేతులు కనబడవు. పిన్ని కంగారుగా గట్టిగా అడిగింది:

"ఎవరైనా లేచారా?"

చెవులు రిక్కించాను. ఒక్క కుర్చీ కదల్లేదు. ఆమె అరచేయి తీసుకుని, నా వేలితో అడ్డగీత గీశాను. లేదు.

"అయితే కూర్చుందాం," అంది పిన్ని. "కాళ్లు కూడా లాగుతున్నాయి."