రెండు రకాల నిప్పు

కాత్యాయని ఒకటి అనుకున్నదంటే ఇక అంతే, బ్రహ్మదేవుడు దిగివచ్చి బతిమాలినా వినే రకం కాదు. లేకపోతే ఏమిటండీ, దుబాయ్‌లో పగలంతా ఓ బ్యాంకు కంప్యూటర్లకు ప్రోగ్రాములు రాసే మనిషి, సెలవు రోజుల్లో అల్ ఖూజ్ వర్క్‌షాపుల పేటలో షెడ్డు అద్దెకు తీసుకుని సొంతంగా విమానం కట్టడమేమిటి! రెండు సీట్ల బుల్లి విమానం. కారు ఇంజన్‌ను మార్చి దానికి బిగించింది. ఏడేళ్ళు పట్టింది. కాకినాడ నుంచి వాళ్ళక్క ఫోన్ చేసినప్పుడల్లా "ఇంకా ఎగరలేదా నీ పిట్ట?" అని దెప్పేది.

ఆ జూలైకి అంతా సిద్ధమైంది. మంగళవారం తనిఖీ అధికారి వచ్చి సంతకం పెడితే గాల్లోకి లేవచ్చు. ఇంజన్‌లో ప్లగ్గు ఏ క్షణాన నిప్పురవ్వ వెయ్యాలో చెప్పే ఎలక్ట్రానిక్ పెట్టెలు రెండు బిగించి ఉన్నాయి. కారుకైతే ఒకటి చాలు. విమానమన్నాక ఒకటి పోతే ఆదుకోవడానికి రెండోది ఉండాలి. రెండూ ఒకే కంపెనీవి, ఒకే మోడలువి. ఇంజన్ ఏ వేగంలో ఉంటే రవ్వ ఎంత ముందుగా పడాలో లాప్‌టాప్‌లో తనే రాసుకుంది. ఆరు నెలల లెక్కలవి. జనవరిలో పరీక్షిస్తే ఒక్క రవ్వ తప్పలేదు. ఆ పెట్టెల్ని చూస్తే ఆమెకు కన్నబిడ్డల్ని చూసినంత మురిపెం.

ఆ మురిపెం మీద నీళ్ళు చల్లినవాడు లచ్చన్న. పక్క షెడ్డులో మెకానిక్, జగిత్యాల వైపు మనిషి. అంతకుముందు పద్దెనిమిదేళ్ళు అల్ ఐన్ ఖర్జూర తోటల్లో నీళ్ళ పంపులు బాగుచేశాడు. ఇంజన్ బిగింపులో ఆమెకు మొదటినుంచీ సాయంగా ఉన్నాడు.

"మేడం, గీ డబ్బాలు ఎప్పుడు పరీక్ష జేసిన్రు?" అన్నాడు ఆ శుక్రవారం.

"జనవరిలో. మీరూ ఉన్నారుగా లచ్చన్నా."

"సలికాలంల సూస్తే ఏం ఎరుకైతది? తోటల్ల మేము ఏ డబ్బానైనా ముందుగాల పికప్ డాష్‌బోర్డు మీద వెట్టేటోళ్ళం. అద్దాలెక్కిచ్చి, మిట్టమధ్యాహ్నం ఎండల. బతికితెనే పంపుకు వెట్టుడు. లేకుంటె ఖలాస్."

కాత్యాయనికి ఒళ్ళు మండింది. ఇంత చదువు చదివి రాసిన లెక్కల్ని తీసుకుపోయి పికప్‌లో ఎండబెట్టాలా? కానీ అతనన్నదీ నిజమే. ఈ దేశంలో అందరం చేసే తప్పే అది. ఎండకు జడిసి బయటి పనులన్నీ చలికాలంలో ముగించుకుని, ఇక్కడ చలికాలమే ఉంటుందన్నట్టు మాట్లాడతాం.

"సరే, పెట్టండి. పోతే నా చెవి కోసిస్తాను" అంది.

పెట్టెలు రెండింటినీ విమానంలోంచి విప్పి తెచ్చి, బ్యాటరీ, రెండు ప్లగ్గులు, ఇంజన్‌కు బదులు తిరగడానికి ఒక చిన్న మోటారు కట్టి డాష్‌బోర్డు మీద పెట్టారు. పన్నెండు దాటింది. రవ్వలు టిక్కు టిక్కుమని పడుతున్నాయి. ఇద్దరూ గోడ నీడన నిలబడి లబన్ మజ్జిగ తాగుతున్నారు. ఒకటీ నలభైకి ఒక టిక్కు ఆగిపోయింది.

"పోనీలెండి, రెండోది ఉందిగా" అంది, తనకు తనే చెప్పుకుంటున్నట్టు.

నాలుగు నిమిషాల తర్వాత రెండోదీ ఆగింది.

గంటసేపు ఏసీలో పెట్టి మళ్ళీ కడితే రెండూ ఏమీ ఎరగనట్టు భేషుగ్గా పనిచేశాయి. అమ్మినవాడికి ఫోన్ చేస్తే "పనిచేస్తోందిగా మేడం, ఇంకేం?" అన్నాడు. వాడి మొహాన ఫోన్ పెట్టేసింది.

"రోడ్డు మీద బండి ఆగితే పక్కకు గుంజి నిలవెడ్తం" అన్నాడు లచ్చన్న నెమ్మదిగా. "గాలిల ఆగితే యాడ నిలవెడ్తరు మేడం?"

ఆమె లోపలికి వెళ్ళి మంగళవారం తనిఖీ వద్దని మెయిల్ పెట్టింది. మళ్ళీ తారీఖు ఎప్పుడు దొరుకుతుందో దేవుడికే తెలియాలి. బాత్‌రూములో కుళాయి తిప్పి కాసేపు ఏడ్చింది. మొహం కడుక్కుని వచ్చి విమానంలో ఆ పెట్టెల బిగింపులు విప్పడం మొదలుపెట్టింది.

ఆ ఎండాకాలమంతా లచ్చన్న పికప్ ఆమెకు పరీక్షల గది అయింది. మూడు కంపెనీల పెట్టెలు తెప్పించింది. ఒకటి రెండో రోజే చేతులెత్తేసింది. ఇంకొకటి ఆగిపోలేదు గానీ, వేడెక్కేకొద్దీ రవ్వను తోచినప్పుడు వెయ్యసాగింది. అది మరీ ప్రమాదం. మూడోది, చూడటానికి అందవికారంగా ఉన్నది, వారం రోజులు వరసగా తట్టుకుంది. దాన్ని ఇంజన్ పక్కన కాకుండా పైలట్ కాళ్ళ దగ్గర, గాలి తగిలేచోట బిగించాలని నిర్ణయించింది.

"అయితే ఇసొంటిది ఇంకోటి తెప్పియ్యుండ్రి" అన్నాడు లచ్చన్న.

"ఇంకోటి తెప్పించను. రెండోవైపు మాగ్నెటో."

మాగ్నెటో అంటే లచ్చన్నకు ప్రాణం. పాత పంపుల్లో ఉండేది అదే. అయస్కాంతం తిరిగి తన కరెంటు తనే పుట్టించుకుంటుంది, దానికి బ్యాటరీ అక్కర్లేదు, ప్రోగ్రామూ అక్కర్లేదు. "మరి రెండు దిక్కులా గదే వెట్టరాదుండ్రి? పీడ వోతది" అన్నాడు ఆశగా.

"దానికి ఒక్క లెక్కే తెలుసు లచ్చన్నా. ఈ వేడిలో ఇంజన్ దెబ్బతినకుండా ఉండాలంటే రవ్వ పడే సమయం మారుతూ ఉండాలి. అది పెట్టె చూసుకుంటుంది. పెట్టె పోతే మాగ్నెటో చూసుకుంటుంది. ఒకదానికొచ్చే జబ్బు రెండోదానికి రాకూడదు. అంతే, ఇంక వాదించకండి."

వాదిస్తే మాత్రం వింటుందా? లచ్చన్న నవ్వి స్పానర్ అందుకున్నాడు.

తనిఖీ తారీఖు మళ్ళీ దొరికేసరికి మార్చి వచ్చింది. సంతకం పడింది. అల్ ఐన్ దారిలోని చిన్న రన్‌వే నుంచి, ఒంటరిగా, కొత్త విమానం ఎగరాల్సిన పరీక్ష గంటల్ని నిబంధన ప్రకారం ఒక్కొక్కటే పూర్తిచేసుకుంటూ ఎగిరింది. పదకొండోసారి ఎగిరింది మే నెలలో. పొద్దున్నే గాల్లోకి లేచి ఇసుక దిబ్బల మీదుగా చుట్టివచ్చి, తొమ్మిదీ ముప్పై నాలుగుకు దిగింది. మధ్యలో ఓసారి ఇంజన్ కాస్త బరువెక్కినట్టు అనిపిస్తే వేడి అనుకుంది.

ఇంజన్ ఆపేముందు పెట్టె, మాగ్నెటోల్లో ఒక్కొక్కదాన్నీ కట్టేసి, రెండోదాని మీద ఎలా నడుస్తుందో చూడటం రివాజు. మాగ్నెటో స్విచ్ కట్టేసింది. ఇంజన్ గుటుక్కున ఆగిపోయింది.

ఒక్క క్షణం ఆమెకు అర్థం కాలేదు. మాగ్నెటో తీసేస్తే ఆగిపోయిందంటే, పెట్టె అప్పటికే చచ్చిపోయి ఉంది.

లచ్చన్న పరిగెత్తుకొచ్చాడు. "ఎప్పుడు వోయింది మేడం?"

"తెలీదు."

ఫోన్‌కి కలిపి పెట్టె రాసుకున్న లెక్కలు చూసింది. చివరి వరస తొమ్మిదీ పన్నెండుకు ఆగిపోయింది. అప్పుడామె దిబ్బల నడిమధ్యన ఉంది. కింద దిగడానికి చాపంత చదును కూడా లేదు. పెట్టె బాగానే ఉంది, వేడికి పోలేదు. బ్యాటరీ నుంచి దానికి కరెంటు తెచ్చే తీగ, పిన్నులోంచి ఊడి వచ్చింది. తీగను ఆ పిన్నులో పెట్టి నొక్కి బిగించింది కాత్యాయనే. నిరుడు జూలైలో విమానంలో బిగించి ఉన్న రెండు పెట్టెలకూ కరెంటు వెళ్ళింది ఆ ఒక్క పిన్నులోంచే. అవే ఉండి ఉంటే రెండూ ఒకేసారి పోయేవి.

ఆమె రెక్క నీడన కూలబడింది. భయం అప్పుడు వేసింది.

"ఇరవై రెండు నిమిషాలు లచ్చన్నా. మాగ్నెటో ఒక్కటే దాని పాటికది మోసుకొచ్చింది. నాకు తెలియనే లేదు."

లచ్చన్న ఆమె పక్కనే చతికిలబడి నీళ్ళసీసా మూత తీసి ఇచ్చాడు. "ఇయ్యాల ఇంటికి వోండ్రి మేడం. ఆ పిన్ను నేను రేపు నొక్కుత."

కాత్యాయని నీళ్ళు తాగింది. మొహం తుడుచుకుంది. తీగ కొసను వేళ్ళ మధ్య పట్టుకుంది.

"కటింగ్ ప్లేయర్ ఇటివ్వండి" అంది. "నేనే నొక్కుతాను. మీరు గుంజి చూడండి."