కింద పెట్టిన నువ్వులు

ఆ హోటల్ పేరును ఇషా ఒకే ఒక్క మెసేజ్‌లో పంపింది. పేరు, వేళ, అంతే. "మీరొక్కరే రండి" అన్న మాటను మాత్రం తండ్రి చేత చెప్పించింది.

ప్రమోద ఆ పేరును ఫోన్‌లో వెతికింది. బంగారు రంగులో వేగిన మాంసపు ముక్కలు, వాటి పక్కన మంచు కుప్పలా సన్నగా తరిగిన క్యాబేజీ. జపాన్ పద్ధతిలో వేయించిన పంది మాంసం కట్‌లెట్లు అక్కడి ప్రత్యేకతట. బొమ్మ వెంట బొమ్మ జరుపుతూ పోయినా అవే కట్‌లెట్లు. బుద్ధెరిగిన నాటి నుంచి గుడ్డు కూడా ముట్టని మనిషి ప్రమోద. ఆ సంగతి ఇషాకు తెలుసు.

"వేరే ప్లేస్ చెప్పమననా?" అన్నాడు గౌరీశంకర్ ఫోన్‌లో, నొచ్చుకుంటూ. "అది కావాలనే చేసింది ప్రమోదా."

"కావాలని చేసినా, పిలిచింది కదండీ. వెళ్తాను."

గౌరీశంకర్ భార్య విద్య జబ్బు చేసి పోయి మూడేళ్లు దాటింది. వాళ్లుండే ప్లెయిన్స్‌బరోలో ఊరివాళ్లందరూ కూరలు పండించుకునే తోటలో అతని మడి, ప్రమోద మడి పక్కపక్కన. ఆమె మందుల కంపెనీ ల్యాబ్‌లో పని చేస్తుంది. ఏనాడో విడాకులు తీసుకుంది, పిల్లలు లేరు, ఒంటరితనం అలవాటైపోయిన ఇల్లు. కిందటి శరదృతువులో, మడిలో ఆఖరి మిరపకాయలు కోస్తున్నప్పుడు, అతడు పెళ్లి మాట ఎత్తాడు. ఆమె వద్దనలేదు. ఒక్క షరతు మాత్రం పెట్టింది.

"మీ ఇంటి గడప నేను తొక్కాలంటే ఇషా పిలవాలి. మీరు పిలిస్తే రాను."

"వచ్చే ఏడు అది కాలేజీకి వెళ్లిపోతుంది. అప్పటిదాకా ఆగుదాం" అన్నాడతడు.

"పిల్ల ఎప్పుడు వెళ్తుందా అని కాచుకుని, వెళ్లగానే ఇంట్లో దూరితే, అది దొంగతనంలా ఉంటుందండీ."

చలికాలం వచ్చింది, మంచు పడింది, మంచు కరిగింది. ఇషా పిలవలేదు. పిలవక పిలవక ఇప్పుడు పిలిచింది, ఇంటికి కాదు, ఇక్కడికి.

రూట్ వన్ హైవే మీద ఒక ప్లాజాలో, గోళ్లకు రంగులు వేసే దుకాణానికీ టాక్స్ ఆఫీసుకూ నడుమ ఇరుక్కుని ఉందా హోటల్. గుమ్మానికి నీలపు గుడ్డ తెర వేలాడుతోంది. లోపల ఎనిమిదో పదో బల్లలు. వంటగదిలో నూనె సన్నటి వానలా చిటపటలాడుతోంది. ఇషా అప్పటికే వచ్చి కూర్చుంది. కిటికీ పక్క బల్ల ఖాళీగానే ఉంది. అయినా గోడ వైపు బల్లను ఎంచుకుంది. పదిహేడేళ్ల పిల్ల, పొడుగాటి చేతులు, వేళ్లకు కారు తాళాల గుత్తి. తండ్రి కళ్లు. నోరు మాత్రం అతనిది కాదు, తల్లిదై ఉండాలి.

"హాయ్ ఆంటీ. ట్రాఫిక్ ఉందా?"

"కొంచెం. చాలాసేపైందా వచ్చి?"

"నో, జస్ట్ నౌ." తాళాలను బల్ల మీద గిరగిర తిప్పింది. "నేను పర్పస్‌గా ఈ ప్లేస్ పిక్ చేశాను అని డాడ్ చెప్పాడా?"

"చెప్పారు."

"అండ్ యూ స్టిల్ కేమ్."

"ఆకలేసిందమ్మా" అంది ప్రమోద.

ఇషా పెదవి చివర ఏదో కదిలింది, కదిలి ఆగిపోయింది.

వడ్డించే ఆవిడ వచ్చింది. నెరిసిన జుట్టు, నడుముకు ముదురు రంగు ఏప్రన్. ఇషా మెనూ చూడకుండానే పోర్క్ కట్‌లెట్ సెట్ చెప్పింది. ప్రమోద గుమ్మడికాయ కట్‌లెట్ మీద వేలు పెట్టి, అది విడిగా వేరే నూనెలో వేయిస్తారా అని అడిగింది. ఆవిడ నిజంగానే బాధపడింది. ఒకటే నూనెట. సూప్‌లోనూ చేప రసం ఉంటుందట. చివరికి ఒక గిన్నె అన్నం, ఒక పళ్లెం క్యాబేజీ దగ్గర బేరం తెగింది.

"ప్లెయిన్ రైస్? సీరియస్లీ?"

"అన్నం ఉన్న చోట నాకు లోటు లేదు. ఉప్పు కూడా ఉంది చూడు."

"వావ్. ఫైవ్ స్టార్ మీల్."

"మీ డాడీ వండినదానికంటే నయమే."

"దట్స్ ఎ లో బార్, ఆంటీ." ఈసారి ఇషా నవ్వును పూర్తిగా ఆపుకోలేకపోయింది.

ఆ సందు చూసి ప్రమోద తోట కథ చెప్పింది. గౌరీశంకర్ మొదటి వేసవిలో ఒక మొక్కను గోంగూర అనుకుని నెల రోజులు నీళ్లు పోశాడు, ఎరువు వేశాడు, ఫోటోలు తీసి చుట్టాలకు పంపాడు. అది ఒట్టి కలుపు మొక్క. "పీకేయండి అంటే వినరే! ఇంత ప్రేమగా పెరిగినదాన్ని ఎలా పీకను అంటారు."

"హీ టోల్డ్ ఎవ్రీవన్ ఇట్ వాజ్ ఆర్గానిక్ గోంగూర!" ఇషా పకపకా నవ్వింది. నవ్వి, తాను నవ్వినట్టు తెలుసుకుని, గ్లాసు అందుకుని నీళ్లు తాగింది. మళ్లీ ఆ ముఖం మూసుకుపోయింది.

ప్రమోదకు అర్థమైంది. ఈ పిల్లకు తన మీద కోపం లేదు. నవ్వినందుకు ఆ పిల్లకు తన మీద తనకే కోపం. ఆ కోపానికి తాను ఏ మాట చెప్పగలదు? ఏ మాట చెప్పినా అది ఆ పిల్ల తల్లి ఖాళీ చేసిన కుర్చీలో కూర్చున్నట్టే అవుతుంది.

పళ్లేలు వచ్చాయి. ఇషా ముందు ఇనుప జల్లెడ మీద వెడల్పాటి కట్‌లెట్, ముక్కలుగా కోసి, అంచులు ఎర్రగా, పొడిపొడిగా. నల్లటి సాస్ ఉన్న జాడీ. దాని పక్కన అరచేతిలో ఇమిడే మట్టి గిన్నె, లోపలంతా గీతలు గీతలు. అడుగున కాసిని వేయించిన నువ్వులు, పైన చిన్న కర్ర రోకలి. కట్‌లెట్ తినేవాళ్లు ఆ నువ్వులు నూరుకుని సాస్‌లో కలుపుకుంటారు. ప్రమోదకు కట్‌లెట్ లేదు గనక ఆ గిన్నె కూడా లేదు.

ఇషా నూరింది. గుండ్రంగా, మెల్లగా, అలవాటున్న చేత్తో నూరింది. నువ్వుల వాసన లేచింది. ఆ వాసన ప్రమోదను జపాన్‌కు తీసుకుపోలేదు. నువ్వుల పొడి, వేడి అన్నం, చారెడు నెయ్యి ఉన్న ఒక వంటింటికి తీసుకుపోయింది. తెలియకుండానే ఆ గిన్నె వైపు చూస్తూ ఉండిపోయింది.

ఇషా ఆ చూపు పట్టుకుంది. ఒక్క క్షణం తటపటాయించింది. "వాంట్ సమ్? రైస్‌లో బాగుంటుంది" అంటూ గిన్నెను ఎత్తి, బల్ల మీదుగా చేయి చాచింది.

ప్రమోద చేయి సగం దాకా వెళ్లింది. వెళ్లి, వెనక్కి వచ్చింది.

"కింద పెట్టమ్మా. చేతికివ్వకు."

ఇషా చేయి గాలిలో అలాగే ఆగిపోయింది. తర్వాత గిన్నెను టక్కున బల్ల మీద పెట్టి, చేతిని తొడ కింద దాచుకుంది, చెంపదెబ్బ తిన్న పిల్లలా.

ఏం చేశాను, అనుకుంది ప్రమోద. ఇన్ని నెలల తర్వాత ఆ పిల్ల తానై చాచిన మొదటి చేయి అది.

"ఎందుకు అలా అన్నావు?" ఇషా గొంతు సన్నగా వచ్చింది. కోపం వస్తే ఆ పిల్ల తెలుగులో మీరు, నువ్వు కలిసిపోతాయి. "మీకు నా హ్యాండ్ ప్రాబ్లమా? పోర్క్ టచ్ చేశాను అనా?"

"అయ్యో, కాదమ్మా! నువ్వులు చేతికివ్వకూడదంటారు. ఉప్పు కూడా అంతే. చేతి నుంచి చేతికి అందిస్తే ఆ ఇద్దరి మధ్యా గొడవ వస్తుందని. అందుకని ఒకరు కింద పెడతారు, ఇంకొకరు తీసుకుంటారు. చిన్నప్పటి అలవాటు, నోట్లోంచి వచ్చేసింది."

"గొడవ ఆల్రెడీ ఉంది కదా ఆంటీ."

"ఉంటే ఉండనీ. ఇంకా పెంచడమెందుకు?"

ఇషా నవ్వలేదు. గిన్నె వైపే చూస్తోంది. వంటగదిలో నూనె చప్పుడు ఒకసారి పెరిగి తగ్గింది.

"అమ్మ కూడా సేమ్ థింగ్ చేసింది" అంది చివరికి. "ఇక్కడే. ఆ విండో టేబుల్."

ప్రమోద కిటికీ పక్కనున్న ఖాళీ బల్ల వైపు చూసింది.

"ఇది అమ్మ ప్లేస్, డాడ్ ఎప్పుడూ రాలేదు. చికెన్ కట్‌లెట్ తినేది. బట్ మెయిన్‌గా నువ్వుల కోసం వచ్చేది. గ్రైండ్ చేయడం ఇష్టం. లాస్ట్ టైమ్ వచ్చినప్పుడు అమ్మ చేతులు షేక్ అవుతున్నాయి. సో నేను గ్రైండ్ చేశాను. చాలా బాగా చేశాను. ఇలాగే ఇచ్చాను." రెండో చేయి కొంచెం ఎత్తి చూపించింది. "షీ పుల్డ్ బ్యాక్. అక్కడ పెట్టు అంది. అంతే."

"తర్వాత?"

"నాకు అప్పుడు కోల్డ్ ఉంది. డాక్టర్స్ జర్మ్స్ జర్మ్స్ అంటారు కదా, అమ్మకి ఇమ్యూనిటీ లేదు అని. సో నా హ్యాండ్ అంటే అమ్మకి భయం అనుకున్నాను. ఆ తర్వాత నేను ఏదీ చేతికి ఇవ్వలేదు ఆంటీ. మందులు, ఫోన్, ఏదైనా... టేబుల్ మీద పెట్టి వెళ్లిపోయేదాన్ని. లాస్ట్ డే వరకు."

మూడేళ్లుగా ఆ పిల్ల ఎవరికీ చెప్పని మాట అది. తండ్రికీ చెప్పి ఉండదు. చెప్పి ఉంటే గౌరీశంకర్‌కు ఈ చోటు గురించి తెలిసేది. కావాలని కష్టపెట్టడానికి పిలిచిందనుకున్నారు ఇద్దరూ. ఈ పిల్ల తనను తల్లి చోటికి తీసుకొచ్చింది, కాని ఆ తల్లి బల్ల దగ్గర కూర్చోబెట్టడానికి మాత్రం మనసొప్పలేదు.

ఓదార్చడం సులువే. మీ అమ్మ నిన్ను ఎంతో ప్రేమించింది అనవచ్చు. కాని విద్యను ప్రమోద ఎన్నడూ చూడలేదు. చూడని మనిషి తరఫున మాట్లాడే హక్కు తనకు లేదు.

"ఇషా, మీ అమ్మ మనసులో ఏముందో నాకు తెలియదు. ఒక్కటి అడుగుతాను. ఆరోజు ఇంకేదైనా నీ చేతి నుంచి తీసుకుందా? నువ్వులు కాకుండా?"

"తెలీదు." కళ్లు మూసుకుంది. నుదురు ముడిపడింది. "టాబ్లెట్ వేసుకోవాలి. సో వాటర్..." ఆగింది. "వాటర్ నేనే ఇచ్చాను. నా గ్లాస్."

"కింద పెట్టమందా?"

"లేదు." కళ్లు తెరిచింది. "నా చేతిలోంచే తీసుకుంది. నా గ్లాస్ అని చెప్పాను, కోల్డ్ ఉంది అని కూడా చెప్పాను. పర్లేదులే అంది. తాగేసింది."

"మరి?"

ఇషా తొడ కింద దాచిన చేతిని బయటికి తీసి, ఎవరిదో చూస్తున్నట్టు దాన్ని చూసుకుంది. కన్నీళ్లు చప్పుడు లేకుండా వచ్చాయి. ప్రమోద కాగితపు రుమాలు అందించింది, చేతికే అందించింది. ఇషా తీసుకుంది.

"సో జస్ట్ నువ్వులు."

"నువ్వులు, ఉప్పు. అవి మాత్రమే."

"మీరు నిజంగా నమ్ముతారా దాన్ని? యూ ఆర్ ఎ కెమిస్ట్!"

"నమ్మకమా అంటే చెప్పలేనమ్మా. ఆఫీసు కెఫెటీరియాలో ఎవరు ఉప్పడిగినా చేతికే ఇచ్చేస్తాను. వాళ్లతో గొడవొస్తే నాకేం? ఇష్టమైనవాళ్ల దగ్గరే ఈ భయమంతా."

ఇషా తడిసిన రుమాలును మడత పెట్టింది. "సో నాతో గొడవ మీకు వద్దు."

"వద్దు."

"ఓకే" అంది. ముక్కు తుడుచుకుంది. చల్లారిపోతున్న కట్‌లెట్ ముక్క ఒకటి తీసి సాస్‌లో ముంచి తింది. ఇంకొకటి తింది. ఏడ్చిన పిల్లల ఆకలి అది. వడ్డించే ఆవిడ వచ్చి, అడగకుండానే ఇద్దరి పళ్లేల్లోనూ క్యాబేజీ మళ్లీ నింపింది. ఇషా ఆవిడను ఆపి ఇంకో గిన్నె నువ్వులు తెమ్మంది.

"మా ఇంట్లో అమ్మ రోలు ఉంది" అంది ఆవిడ వెళ్లాక. "చిన్నది, రాతిది. డాడ్ దాంట్లో కార్ కీస్ పెడతాడు."

"ఏమిటీ? రోట్లో తాళాలా!"

"ఐ నో! అండ్ కాయిన్స్. అమ్మ చూస్తే చంపేసేది." తాళాల గుత్తిని వేలితో అటూ ఇటూ తోసింది. "సండే వచ్చి మీరు చెప్పండి డాడ్‌కి. నా మాట వినడు. అండ్ నువ్వుల పొడి... అమ్మ చేసేది. నాకు రాదు."

ఆ పిల్ల ఏం మాట అన్నదో ఆ పిల్లకు తెలుసా, అనుకుంది ప్రమోద.

తెలుసు. "మీ రూల్ గురించి డాడ్ చెప్పాడు" అంది ఇషా, తల ఎత్తకుండా. "డాడ్ పిలవట్లేదు. నేను పిలుస్తున్నాను."

"వస్తానమ్మా."

"నేను మిమ్మల్ని అమ్మ అని పిలవను."

"వద్దు. ఆంటీ బాగానే ఉంది."

రెండో గిన్నె వచ్చింది. ఇషా దాన్ని దగ్గరికి లాక్కుని నూరింది, మొదటిసారి కంటే నింపాదిగా, చిట్టచివరి గింజ నలిగేదాకా. తర్వాత గిన్నె ఎత్తి చేయి చాచబోయి, ఆగింది. బల్ల నడుమ, ఇద్దరికీ సమంగా, చప్పుడు కాకుండా కింద పెట్టింది. చేయి వెనక్కి తీసుకుని ఎదురు చూసింది.

ప్రమోద గిన్నె అందుకుంది. చాప్‌స్టిక్స్ పక్కన పెట్టింది. నువ్వుల పొడి అన్నం మీద ఒంపి, ఉప్పు చల్లి, చుట్టూ ఎవరు చూస్తున్నారో చూడకుండా చేత్తో కలిపింది. మొదటి ముద్ద చేసింది.

"అది చేతికివ్వచ్చా?" అని అడిగింది ఇషా.

"అన్నంలో కలిశాక ఇవ్వచ్చు."

ఇషా బల్ల మీదుగా అరచేయి చాచింది.