మాత్ర మానెయ్యమన్నారు

వినీల ఇడ్లీ పిండిలో ఉప్పు కలుపుతుంటే అత్తగారు కొండలమ్మ వెనక నుంచి మెల్లగా అంది.

"రిపోర్టు బాగుందన్నారుగా అమ్మాయ్. ఓ ఏడాది ఆ మాత్ర మానెయ్. అది వేసుకుంటూ బిడ్డను కనకూడదటగా, కాన్పయ్యాక మళ్ళీ వేసుకుందువుగాని."

వినీల పిండి గిన్నె మీద మూత పెట్టింది. రెండేళ్ళ కిందట ఆమెకు రక్త క్యాన్సరని తెలిసినప్పుడు ఈ ఇంట్లో మొదట వినబడ్డ మాట "ఎవరికీ చెప్పకండి" అనే. చల్లపల్లి చుట్టాలకు అవి బలం మాత్రలని చెప్పారు. అప్పటి నుంచి ఆమె జబ్బు కూడా ఇంటిచాకిరీలాంటిదే అయింది. తను చేసుకోవాలి, ఎవరూ చూడరు. మాత్ర పడ్డాక కడుపులో తిప్పుతుంది, పిక్కలు పట్టేస్తాయి. ఆ కాళ్ళతోనే పొయ్యి ముందు, బెంజ్ సర్కిల్‌లోని కాలేజీ దాకా బస్సులో, ఆపైన పాఠం చెబుతూ క్లాసులో నిలబడుతుంది. "నీకేం, నిక్షేపంలా ఉన్నావు" అంటాడు భర్త సూర్యప్రకాష్. అలా ఉండటానికి తనెంత పడుతోందో అతను ఎన్నడూ అడగలేదు.

ఆ రోజు డిగ్రీ పిల్లలకు కైనేజ్ పాఠం.

"ఈ ఎంజైము ఇంకో ప్రోటీనుకు ఫాస్ఫేటు తగిలిస్తుంది. దాంతో ఆ ప్రోటీను పనిలోకి దిగుతుంది. గాయం మానాలన్నా, కొత్త రక్తం పుట్టాలన్నా ఇది కావాలి. పనయ్యాక మాత్రం ఆగాలి."

"ఆగకపోతే మేడమ్?" అంది ముందు బెంచీలోని సుస్మిత.

"కొన్ని రక్త క్యాన్సర్లలో రెండు జన్యువులు తెగి ఒకదానికొకటి అతుక్కుని, ఆగడం తెలియని కైనేజ్ తయారవుతుంది. కణాన్ని విభజన చెందమని పోరుతూనే ఉంటుంది. రోజూ మాత్రతో దాన్ని అణచిపెట్టాలి."

"మాత్ర మానేస్తే?"

"తొందరపడి మానేస్తే చాలామందికి తిరగబెడుతుంది."

'నాకూ అదే' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసి బోర్డు తుడిచింది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి మాత్రల డబ్బా ఖాళీ. నెలనెలా హనుమాన్ జంక్షన్‌లోని తన షాపు నుంచి వస్తూ ఆసుపత్రిలో ఆగి తెచ్చేది సూర్యప్రకాషే.

"ఈసారి తేలేదు. అమ్మ చెప్పింది, నాకూ నిజమేననిపించింది."

"డాక్టరుగారు ఇప్పుడే ఆపొద్దన్నారు కదండీ. నన్నడిగారా?"

"అడిగేదేముంది? నీకు మాత్రం పిల్లలొద్దా?"

బస్టాపు ఎదురుగా షాపు అద్దాల్లో వేలాడే బుల్లి గౌన్లను చూస్తూ ఆమె ఎన్ని బస్సులు వదిలేసిందో అతనికి తెలియదు. చెప్పుకుందామంటే ఆ ఇంట్లో వినేవాళ్ళెవరు?

"కావాలి. ఆ బిడ్డకి నేనూ కావాలి" అంది.

అతను ఫోన్లోకి తల దించుకున్నాడు. కొండలమ్మ టీవీ సౌండు పెంచింది.

మర్నాడు వినీల పొయ్యి వెలిగించలేదు. కాలేజీకి సెలవు చెప్పి ఒక్కతే ఆసుపత్రికి వెళ్ళింది. బల్లల మీద అందరి పక్కనా ఎవరో ఒకరున్నారు. ఆమె పక్క సీటులో హ్యాండుబ్యాగు పెట్టుకుంది. చాలాసేపటికి కౌంటరులో అమ్మాయి మాత్రలిచ్చి, కంప్యూటరు వైపు చూసింది.

"ఇందులో మీవారి నంబరుందండీ. రిపోర్టులొస్తే ఆయనకే చెప్పాలా?"

"వద్దమ్మా. అది తీసేసి నాది ఎక్కించండి. ఇకమీదట ఏదైనా ముందు నాకే చెప్పండి."