బడి నీలం

"ఆ ఇస్త్రీపెట్టె ఇలా ఇయ్యండర్రా, చల్లారాక నేనేం చేసుకోను!" అని కేకేసి, కుట్టు పిన్ని ముప్ఫై ఏడో బట్ట అంచును బొటనవేలి గోటితో నొక్కి మడిచింది. చర్చి వెనకగదిలో నాలుగు కుట్టుమెషిన్లు, ఒక పొడుగాటి బల్ల, పైన ట్యూబులైటు. ఎల్లుండి సోమవారం బడి తెరుస్తారు. యూనిఫాం కొనుక్కోలేని నలభైమంది పిల్లలకు చర్చి తరఫున స్కర్టులు, నిక్కర్లు కుట్టాలి. గుడ్డ సంఘపెద్దగారు కొనిచ్చారు. కత్తిరింపు పాస్టరమ్మగారిది, బొత్తాలు పాటల బృందం ఆడవాళ్ళవి, మెషిను కుట్టంతా పిన్నిది.

ఆవిడ ఏడాది పొడుగునా చేసేది బజార్లో ఒక మెట్ల కింద కూర్చుని పాత బట్టలు బాగుచెయ్యడం. చిరిగినవి కలపడం, వదులైనవి బిగించడం, జిప్పులు మార్చడం. పెళ్ళయిన మూడేళ్ళకే భర్త పోతే మొదలుపెట్టిన ఆ పనికి నలభై ఏళ్ళు నిండాయి. పాపం, ఇన్నేళ్ళలో ఆవిడ చేతికి కొత్త గుడ్డ ఇచ్చి కుట్టమన్నవాళ్ళు లేరు. బడులు తెరిచే ముందు ఈ వారం రోజులే ఆవిడ కొత్త బట్ట కుట్టేది. అందుకే ఆ వారమంతా మనిషి నేలమీద నిలవదు. పాస్టరమ్మగారి మీద కూడా గయ్యిమంటుంది, ఎవరూ నొచ్చుకోరు.

పది గంటలకు ఒక పిల్ల కొలత చూసుకోడానికి అక్కను వెంటబెట్టుకుని వచ్చింది. అక్క ఒంటిమీద ఎవరో ఇచ్చిన పాత యూనిఫాం ఉంది. పిల్ల కొత్త స్కర్టు తొడుక్కుని, గిర్రున తిరుగుతూ గుమ్మం దాటి ఎండలోకి వెళ్ళి, అక్క పక్కన నిలబడి, ఆగిపోయింది. తన స్కర్టు చూసుకుంది. అక్కది చూసింది.

"ఇది మా బడి రంగు కాదు అమ్మమ్మా," అంది. వెంటనే, "పర్లేదులే, బాగుంది," అని కూడా అంది.

ఆ "పర్లేదులే" వినేసరికి పిన్ని మెషిను వదిలేసింది. లేచి బయటికొచ్చి చూసింది. ట్యూబులైటు కింద ఒక్కలాగే కనబడిన నీలాలు ఎండలో ఎక్కడా కలవడంలేదు. చర్చి గుడ్డ ఒక చాయ ముదురు.

"ఎవరు చూస్తారు పిన్నీ?" అన్నారు పాస్టరమ్మగారు, తనకే నమ్మకంలేని గొంతుతో.

"పిల్లలు చూస్తారు. చర్చి బట్టలోళ్ళు అని పేరు పెడతారు. నాకూ చిన్నప్పుడు ఇలాంటి గౌనే ఇచ్చారమ్మా, పెద్దపెద్ద పువ్వులు, ఊరు మొత్తానికి అలాంటిది అదొక్కటే. ఆ ఏడాదంతా బడికి గోడవారనే నడిచాను."

పిన్ని మిగిలిన గుడ్డలోంచి ఒక ముక్క కత్తిరించి, చాకలిసోడా కలిపిన వేడినీళ్ళలో నానేసి, పిండి, ఇస్త్రీతో ఆరబెట్టింది. అలా రెండుసార్లు చేసి, పిల్ల ఇంటికెళ్ళి తెచ్చిచ్చిన అక్క స్కర్టు పక్కన ఎండలో పెట్టింది. రంగు కలిసింది. ముక్క మాత్రం రెండు వేళ్ళు కుంచించుకుపోయింది.

"పిల్లలు ఊరికే ఉంటారా, పెరుగుతారని అన్నిటికీ లోపల మూడేళ్ళకు సరిపడా మడత వదిలాను. నడుముకు ఎటూ ఎలాస్టిక్కే. విప్పండి అంచులు!"

ఆడవాళ్ళు నోరెళ్ళబెట్టారు. నలభై బట్టల అంచులు! అయినా తలో పిన్నీసు పట్టుకుని కూర్చున్నారు. అంతలో సంఘపెద్దగారు వచ్చారు. పెరట్లో తొట్టి, నీలం నీళ్ళు, అందులో చీర ఎగదోపుకుని బట్టలు తొక్కుతున్న పిన్ని. ఆయనకు చిర్రెత్తుకొచ్చింది.

"కొత్తవి కొనిస్తే పాతవి చేస్తారా! మతిగాని పోయిందా మీకు?"

"మీకంటే నాకే ఎక్కువ బాధ అన్నయ్యగారూ," అంది పిన్ని, తొక్కడం ఆపకుండా. "ఏడాదికొక్కసారి కొత్తబట్ట కుడతాను. దాన్ని నా కాళ్ళతో నేనే తొక్కుతున్నాను. వాళ్ళు అందరిలో కలిసిపోతే చాలు. వచ్చారు గనక ఆ బకెట్టు అందుకోండి."

సంఘపెద్దగారు చుట్టూ చూశారు. ఎవరూ నవ్వలేదు, నవ్వాపుకున్నారంతే. చొక్కా చేతులు మడుచుకుని ఆయన బకెట్టు అందుకున్నారు.

పెరడంతా తాళ్ళు కట్టి ఆరేశారు. ఆరినవి ఆరినట్టే పిన్ని మళ్ళీ అంచులు కుట్టింది. మధ్యలో ఒకసారి ఛాతీ పట్టుకుని, "గ్యాసు, ఏంలేదు, పని చూడండి," అంది. నలభయ్యోది కుట్టి దారం కొరికేసరికి పొద్దు వాలుతోంది. దాన్ని బయటికి తీసుకెళ్ళి, ఆ అక్క స్కర్టుతో కలిపి వెలుతురుకేసి పట్టుకుంది.

"ఏది మనదో చెప్పండి చూద్దాం," అంది పాస్టరమ్మగారితో.

పాస్టరమ్మగారు పట్టి పట్టి చూసి తప్పు చెప్పారు. పిన్ని పకపకా నవ్వి, కాసేపు నడుం వాలుస్తానని తాళ్ళ దగ్గరున్న కుర్చీలో కూలబడింది.

లోపల ఇస్త్రీ చేస్తున్నవాళ్ళు కిటికీలోంచి చూసి, పడుకుంది పాపం అని గొంతులు తగ్గించారు. నలభై బట్టలూ మడతపెట్టడం అయిపోయాక బొత్తాలు కుట్టే అమ్మాయి, "పిన్ని పడుకుంటే గురక వీధి చివరికి వినబడాలే, ఏంటింత నిశ్శబ్దం!" అని నవ్వుతూ లేపడానికి వెళ్ళింది. వెళ్ళి, పిన్ని చెయ్యి పట్టుకుని అక్కడే కూర్చుండిపోయింది. పిలవకపోయినా అందరూ వచ్చారు. డాక్టరు వచ్చి చూసి, గంట కిందటే పోయిందన్నాడు.

ఆదివారం ప్రార్థన అయ్యాక పిన్నిని సాగనంపారు. ఆ సాయంత్రమే సంఘపెద్దగారు ఏ ఇంటి బట్టలు ఆ ఇంటికి స్వయంగా పట్టుకెళ్ళి, గుమ్మంలో ఇచ్చి వచ్చేశారు.

సోమవారం పొద్దున పాస్టరమ్మగారు బడి గేటుకు ఎదురుగా నిలబడ్డారు. పిల్లలు గుంపులు గుంపులుగా వస్తున్నారు, తోసుకుంటున్నారు, అరుస్తున్నారు. ఆమె ఒక్కొక్క స్కర్టూ, ఒక్కొక్క నిక్కరూ చూశారు. గంట మోగేదాకా చూసినా, నలభైమందిలో ఒక్కరిని కూడా బట్టను బట్టి పోల్చుకోలేకపోయారు. ఆనందం పట్టలేక, ఈ మాట ఎప్పుడెప్పుడు చెబుదామా అని గబగబా నడుచుకుంటూ చర్చి పెరట్లోకి వచ్చి, "పిన్నీ!" అని పిలిచేశారు.

పిలిచాక గుర్తొచ్చింది. పెరట్లో ఎవరూ లేరు. తాళ్ళు ఖాళీగా ఉన్నాయి. తొట్టిలోకి దిగేముందు పిన్ని విప్పిన రబ్బరు చెప్పులు గోడవార పక్కపక్కనే ఉన్నాయి, ఒకదాని మడమ అరిగి, రెండోదాని పట్టీకి దారంతో కుట్టు వేసి.