బొటనవేలు చెప్పిన మాట

...అయినా వేలికి స్పర్శ తగ్గడం వేరు, పోవడం వేరు. గ్లవ్వు మీద ఇంకో గ్లవ్వు తొడుక్కున్నట్టుంది, అంతే కదా. ఈ మాత్రానికి గాబరా దేనికని డాక్టరు రెండు నెలలుగా తనకు తాను నచ్చజెప్పుకుంటూనే ఉన్నాడు. కానీ ఈ పొద్దున కెటిలుకు ఆనిన కుడి బొటనవేలు కాలుతోందని అతనికి నొప్పి చెప్పలేదు. కమురు వాసన చెప్పింది. ఆ వాసన ఇంకా ముక్కును వదల్లేదు.

కాలిన చోట పట్టీ చుట్టి, పైన గ్లవ్వు తొడిగి, కుక్కల ఆసుపత్రిలో తన బల్ల ముందుకొచ్చి నిలబడ్డాడు. బల్ల మీద బూడిద. రంగును బట్టి ఆ కుక్కకు వచ్చిన పేరు. దాని యజమాని టైలరు మెడలో టేపు తీయకుండానే పరుగెత్తుకొచ్చాడు.

"మీరు చెప్పినట్టే రెండు పూటలా నడిపించానండీ. నడిచేకొద్దీ సర్దుకుంటుందన్నారుగా. ఇంట్లో నా మాట వినేది ఇదొక్కటే, దీన్నీ కుంటిదాన్ని చేశావని మా ఆవిడ దులిపేస్తోంది."

డాక్టరు నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

మూడు వారాల కిందట ఇదే బల్ల మీద ఇదే కుక్క కుడి వెనక కాలు పట్టుకున్నాడు. మోకాలి లోపల ఎముకలను కట్టి ఉంచే తాళ్లు, రెండు లిగమెంట్లు, ఒకదానికొకటి అడ్డంగా పోతాయి. ముందుది తెగితే, తొడ ఎముకను కదలకుండా పట్టుకుని కింది ఎముకను తోసినప్పుడు అది సొరుగులా ముందుకు జారుతుంది. ఆ జారుడు కంటికి ఆనదు. ఎక్స్‌రేలో ఎముక కనబడుతుంది గాని తాడు కనబడదు. తెలిస్తే వేలికే తెలియాలి.

ఆ రోజు కుక్క తల పట్టుకున్న అతని మేనకోడలు, చదువు ముగించి కొత్తగా అక్కడే చేరిన డాక్టరు, అంది: "మామయ్యా, భయంతో తొడ బిగబట్టేసింది. కాస్త మత్తిచ్చి చూద్దామా?"

"నీ పుస్తకాలు అచ్చు కాకముందు నుంచీ ఈ బొటనవేలు మోకాళ్లు చదువుతోందే, డాక్టరమ్మా!"

టైలరు పకపకా నవ్వాడు. ఆమె మత్తుమందు సీసాను తీసిన చోటే పెట్టేసింది. అప్పటి నుంచి అడిగినదానికే జవాబు.

కదలిక లేదు, బెణుకు అన్నాడు. నిజానికి వేలికి ఏమీ తెలియలేదు. వేలికి తెలియకపోవడమూ కీలు కదలకపోవడమూ ఒకటేననుకున్నాడు. అనుకున్నాడా, అనుకోవాలనుకున్నాడా? ఆ ప్రశ్న తలుపు సందులోంచి చూస్తున్న మనిషిలా ఎటు తిరిగినా వెంటాడుతోంది.

ఇప్పుడు ఆ కాలికి పరీక్షే అక్కర్లేదు. తొడ పీక్కుపోయింది. మోకాలి లోపలి పక్క గట్టిగా ఉబ్బింది. కూర్చుంటే కాలు మడవలేక పక్కకు చాపేస్తోంది. తెగింది, సందేహం లేదు.

"నిన్నటి నుంచి రెండో కాలు కూడా ఎత్తి ఎత్తి పెడుతోందండీ," అన్నాడు టైలరు. "రెండూ పోతే ఎలాగండీ? ఇరవై ఎనిమిది కేజీలు. మెట్లెక్కించి మోయలేను."

గదిలో ఫ్యాను చప్పుడు పెరిగినట్టనిపించింది. ఇన్నాళ్లూ బరువంతా ఎడమ కాలే మోసింది. అది గట్టిగా ఉంటే మధ్యాహ్నమే కుడి కాలికి ఆపరేషను చేయొచ్చు. దాని లిగమెంటు కూడా పోగులు పోగులుగా చిట్లడం మొదలైతే మాత్రం, ఆపరేషనయ్యాక దాని మీదే నిలబడిన కుక్క నాలుగో రోజుకల్లా నడుము కిందినుంచీ కూలబడుతుంది. సగం చిట్లిన లిగమెంటు మోకాలు మడిచినప్పుడే, అదీ వెంట్రుకవాసి జారుతుంది. ఆ వెంట్రుకవాసి మీదే ఉందంతా.

ఈసారి అడగకుండానే మేనకోడలు మత్తిచ్చింది. అతను వద్దనలేదు. మందు ఎక్కేలోపు బూడిద మెడ చాచి, అతని కుడి బొటనవేలిని నాకింది. నాకుతున్నట్టు చూశాడు. చూశాడు, అంతే. ఎవరి వేలినో నాకుతున్నట్టుంది.

కుక్క తల వాలింది. ఎడమ మోకాలిని మడిచి, బొటనవేలిని కింది ఎముక వెనక ఆనించాడు. ఆనిందో లేదో తెలియలేదు. తోశాడు. ఏమీ లేదు. మళ్లీ తోశాడు. అడుగు లేని నూతిలోకి రాయి వేస్తే చప్పుడే రానట్టు, ఏమీ లేదు.

"ఏమంటోందండీ మీ వేలు?" టైలరు టేపు కొసను వేళ్లకు చుట్టుకుంటూ అడిగాడు.

కదలిక లేదు. ఆ రెండు మాటలూ నోటి చివరి దాకా వచ్చి కూర్చున్నాయి. అనేస్తే సరిపోతుంది. అలవాటైన మాటలే. కుంటుతున్నట్టు తెలియనివ్వకుండా కుక్క బరువును రెండో కాలి మీదికి ఎలా నెడుతుందో ముప్ఫై ఏళ్లుగా చూస్తున్నాడు. రెండు నెలలుగా తనూ చొక్కా బొత్తాలు ఎడమ చేత్తో పెట్టుకుంటున్నాడు.

మేనకోడలు అతని ముఖం చూడలేదు. పలచని గ్లవ్వు వేలి కొసన లోపల ఊరుతున్న చెమ్మను చూస్తోంది.

"మామయ్యా," అంది మెల్లగా, "వేలు కాలిందా?"

అతను మోకాలి మీది నుంచి తన చెయ్యి తీసేశాడు. ఆమె చెయ్యి పట్టుకుని, ఆమె బొటనవేలిని ఆ ఎముక వెనక ఆనించాడు.