పిన్ని బుట్ట

కంప్యూటర్లు బాగుచేయడం నా వృత్తి. ఫార్మాట్ చేసే ముందు ఎవరినైనా మూడుసార్లు అడుగుతాను, దాచాల్సినవి ఏమున్నాయని. మొదటిసారి ఫోటోలంటారు, రెండోసారి ఆలోచిస్తారు, మూడోసారి విసుక్కుంటారు. విసుక్కున్నాక పని మొదలుపెడతాను.

పిన్ని కూడా విసుక్కుంది. ఆవిడ దర్జీ. కోట్లకూ గౌన్లకూ నమూనాలు కంప్యూటర్లోనే గీస్తుంది. ఈమధ్య చేతులు వణుకుతున్నాయి. అవి పూర్తిగా మొరాయించేలోపు, మొదలుపెట్టినవన్నీ ముగించాలని ఆవిడ పట్టుదల. ఆ కంప్యూటర్ చూస్తే, మీట నొక్కాక అది తెరుచుకునేలోపు కోటుకి కాజాలన్నీ కుట్టేయొచ్చు.

"అయిపోయినవన్నీ నమూనాల ఫోల్డర్లో ఉన్నాయిరా. ఎన్నిసార్లు చెప్పాలి?" అంది.

ఆ ఫోల్డర్ కాపీ చేశాను. తెర మీద చెత్తబుట్ట, అదే రీసైకిల్ బిన్, నిండుగా కనిపిస్తే ఖాళీ చేశాను. అది నా అలవాటు. ఇల్లు మారేవాడు చెత్త మూటగట్టుకుపోతాడా? తర్వాత డిస్కంతా తుడిచి కొత్త సిస్టమ్ ఎక్కించాను. నత్తనడకన నాలుగు గంటలు పట్టింది.

సాయంత్రం తీసుకెళ్లి బల్ల మీద బిగించాను. పిన్ని కళ్లజోడు సర్దుకుని నేరుగా బుట్ట బొమ్మ మీద నొక్కింది.

"ఇందులోవి ఏవి?"

"ఏవి పిన్నీ?"

"సగం గీసినవి. నలభై దాకా ఉండాలి."

అప్పుడు గది చూశాను. కుట్టుమిషన్ల పక్కన మూడు బుట్టలు. వాటి నిండా కత్తిరించి ఇంకా కుట్టని ముక్కలు, ఒక్కో కట్టకి ఒక చీటీ. ఆ ఇంట్లో బుట్టంటే సగంలో ఆగిన పని. చెత్త నేల మీద పడేస్తారు, పొద్దుపోయాక ఊడుస్తారు. ఇరవై ఏళ్లుగా ఆ గదిలోకి వచ్చిపోతున్నాను. చుట్టాల్లో తెలివైనవాణ్ణని పేరు కూడా ఉంది.

తేలు కుట్టిన దొంగలా గంటసేపు వెతికాను. ఫైళ్ల పేర్లు కొన్ని దొరికాయి గానీ గీతలు దొరకలేదు.

"నేనే ఖాళీ చేశాను పిన్నీ. ఇక రావు."

పిన్ని ఒక కుర్చీ నా వైపు లాగింది.

"కొట్టు పెట్టిన కొత్తలో ఒకామె బుట్టలోవి చెత్తనుకుని ఊడ్చేసింది. ఆ పూటే పనిలోంచి తీసేశాను. నిన్నెక్కడికి పంపను, అక్క కొడుకువైపోయావు. కూర్చో. నేను చెప్తాను, నువ్వు గియ్యి."

"అన్నీ గుర్తున్నాయా?"

"వణుకు చేతికిరా, బుర్రకి కాదు."

మొదటిది ఆడవాళ్ల కోటు. భుజాలు పద్నాలుగున్నర అంది. గీశాను.

"కుడి భుజం అరంగుళం కిందికి దించు."

"ఎందుకు?"

"ఐదేళ్లొచ్చేదాకా నడవనని మొండికేసి ఆ భుజం మీదే ఊరేగావు కదా. మీ అమ్మది ఇది."

అమ్మ పోయి నాలుగేళ్లు. కోటు అందుకే సగంలో ఆగింది. అమ్మ ఫోటోలు మూడు డిస్కుల్లో భద్రంగా దాచుకున్నాను. ఆ అరంగుళం ఏ ఫోటోలోనూ నా కంటపడలేదు. నాకు ఏడుపొచ్చింది. గీత కిందికి దించాను.